అస్మత్ బేగం: పన్నీటి మీద తేలిన అత్తరు

గులాబీ అత్తరు ఎవరు కనిపెట్టినారని అడిగితే మన పిల్లలు నూర్జహాన్ అని టక్కున చెప్తారు. పెద్దలూ అంతే. కాని జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో ఆ ఘనత నూర్జహాన్‌కు కాదు, ఆమె తల్లి అస్మత్ బేగంకు ఇచ్చినారు.

అస్మత్ బేగం ఇరాను దేశస్థురాలు. భర్త మిర్జా గియాస్ బేగ్. బతుకుదెరువుకు హిందూస్తాన్ బయలుదేరిన ఈ దంపతులకు దారిలో, 1577లో, కాందహారులో కూతురు మెహరున్నీసా పుట్టినది. గియాస్ బేగ్ అక్బరు కొలువులో చేరి, తర్వాత ఇతిమాదుద్దౌలా అయినారు. 1611లో జహంగీరును నికాహ్ చేసుకొన్న మెహరున్నీసాయే తర్వాతి నూర్జహాన్.

పన్నీరు తీయుట అప్పటికే పాత విద్య. బేగం పన్నీరు తీయించుచుండగా, కూజాల నుండి పళ్లాలలోకి వేడివేడిగా పోసిన పన్నీటి మీద సన్నని తెట్టు కట్టినది. ఇంకొకరైతే పారబోసేవారేమో! ఆమె దాన్ని కొంచెం కొంచెంగా ఎత్తి కూడబెట్టినారు. ఒక్క చుక్క అరచేతికి రాస్తే సభంతా గుబాళించేదట. పాదుషా ముత్యాల దండ బహూకరించినారు. సలీమా సుల్తాన్ బేగం దానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టినారు. 1614లో పాదుషా వ్రాసుకొన్న సంగతి ఇది.

నూనె, నీరు కలవవని బడిలో చెప్తాం. గులాబీ విషయంలో అది సగమే నిజం. పువ్వు వాసనలో కొంత భాగం నీళ్లలో కరుగుతుంది, పన్నీటికి ఆ పరిమళం అందుకే. మిగతా నూనె తేలికే గాని బొట్లు మరీ సన్నవి. పైకి రావడానికి వాటికి తీరిక కావాలి. పళ్లెంలో లోతు తక్కువ, బొట్టుకు దారి దగ్గర. పైగా చల్లారేకొద్దీ నూనె నీళ్లలో కరగడం తగ్గి, అందులోని మైనం వంటి పదార్థం గడ్డకట్టుతుంది.

ఫ్లోరెంటైన్ పాత్రలోనూ కిటుకు ఇదే. నూనె పైన సన్నని మెడలో చేరుతుంది, నీరు అడుగు నుండి గొట్టం గుండా పోతుంది. పాత్ర చిన్నదై నీరు జోరుగా పారితే నూనె బొట్లూ కొట్టుకుపోతాయి. అందుకే గంటకు ఎంత నీరు వస్తుందో చూసుకొని పాత్ర కొలత నిర్ణయిస్తారు. ఆ పోయిన నీటిని మళ్లీ బట్టీపట్టి, కరిగియున్న నూనెనూ రాబట్టుతారు. ఇంతా చేస్తే కిలో నూనెకు మూడు నాలుగు వేల కిలోల పువ్వు కావాలి.

అస్మత్ బేగం 1621లో కన్నుమూసినారు. కొద్ది నెలలకే, 1622 జనవరిలో, భర్త కూడా పోయినారు. నూర్జహాన్ ఆగ్రాలో యమున ఒడ్డున చలువరాతి సమాధి 1628 నాటికి పూర్తి చేయించినది. తల్లిదండ్రులు అందులో పక్కపక్కనే ఉన్నారు. కట్టడానికి మాత్రం తండ్రి పేరే నిలిచినది.