కానూరి లక్ష్మణరావు

కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) సుప్రసిద్ధ ఇంజనీరు, రాజకీయ నాయకుడు. కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడు.

ఆయన కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి మరణించాడు. పాఠశాలలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు విడువలేదు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొట్టమొదటి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

రాతి కట్టడమైన నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ఆ విద్య అక్కరకు వచ్చింది. 1962 నుండి మూడుసార్లు విజయవాడ లోక్‌సభ సభ్యుడిగా ఎన్నికై, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖల మంత్రిగా పనిచేశాడు. 1963లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నాడు. కృష్ణా నదిపై పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.