ఏటీపీ వెనుక ఉన్న తెలుగువాడు

బైపీసీ చదివిన ప్రతి హాస్టల్ విద్యార్థికీ ఏటీపీ అనే మూడక్షరాలు తెలుసు. దాన్ని కనుగొన్నవారిలో ఒక తెలుగువాడున్నాడని మాలో చాలామందికి పీజీకి వచ్చేదాకా తెలియలేదు. వికారాబాద్, తాండూరు హాస్టళ్లలో సైన్స్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఆయన జీవితాన్ని క్లుప్తంగా రాస్తున్నాం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నను బలి తీసుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడలోని ఒక ధర్మసంస్థ అండతో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో చదువుతూనే ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లారు.

ఏటీపీ విలువ తెలియాలంటే మన తెల్లరక్తకణాలను చూడాలి. అవన్నీ చక్కెరను ఒకేలా వాడవు. గాయం దగ్గరికి ముందుగా పరుగెత్తే న్యూట్రోఫిల్స్ ఏటీపీ కోసం ఎక్కువగా గ్లూకోజు మీదే ఆధారపడతాయి. విశ్రాంతిలో ఉన్న టీ-కణం కొద్దిగానే తీసుకుంటుంది. క్రిమిని గుర్తించగానే పొర మీద గ్లూట్-1 ద్వారాలు పెంచుకుని గ్లూకోజును ఎక్కువగా లోపలికి లాగుతుంది. జ్ఞాపక టీ-కణాలు కొవ్వును ఎక్కువగా వాడుకుంటాయి. అనంతగిరి టీబీ ఆసుపత్రి మనందరికీ తెలుసు. క్షయ క్రిమితో పోరాడే మాక్రోఫేజ్ కూడా గ్లూకోజు వాడకం పెంచుతుంది.

వేగంగా విభజన చెందే కణానికి ఇంధనంతోపాటు ఫోలిక్ ఆమ్లం కూడా కావాలి. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. దానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే పుట్టాయి. 1947లో డాక్టర్ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. మెథోట్రెక్సేట్‌ను నేటికీ కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు మందు హెట్రజాన్ కూడా ఆ బృందానిదే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశానికి తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన ఇంట్లోకి చదువు మన ఇళ్లకంటే ముందే వచ్చింది, నిజమే. కానీ పరీక్ష తప్పడం, ఇతరుల సాయంతో చదవడం, రాత్రిళ్లు కూలి చేయడం మనకూ తెలిసినవే. మెట్రిక్ తప్పినప్పుడే ఆయన చదువు ఆపేసి ఉంటే ఈ పనులేవీ ఆయన చేతిమీదుగా జరిగేవి కావు. ఈసారి సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మాట గుర్తుంచుకుని ఫీజు కట్టండి, పరీక్ష రాయండి.