పవర్ పెంచిన మార్కోని.. మళ్లీ తగ్గించాడు!

సిగ్నల్ అందకపోతే ఏం చేస్తాం? ట్రాన్స్‌మిట్ పవర్ పెంచేస్తాం. ఫైనలియర్ ప్రాజెక్టులో సెన్సర్ నోడ్‌లతో మేమూ అదే చేశాం. రెండు రోజులకే బ్యాటరీలు ఖాళీ! రేడియోకు ఆద్యుల్లో ఒకడైన మార్కోని కూడా ఇరవై ఏళ్లకు పైగా ఇదే దారిలో నడిచాడని తర్వాతెప్పుడో చదివా.

1874లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టాడు. యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఇరవై ఏళ్లప్పుడు ఇంటి పైఅంతస్తులోనే హెర్ట్జ్ తరంగాలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1896లో ఇంగ్లండ్ వెళ్లాడు, మరుసటి ఏడాదే కంపెనీ పెట్టేశాడు.

అతని పంతమల్లా ఒక్కటే.. సిగ్నల్ అట్లాంటిక్ దాటాలి. అందుకోసం ఇంగ్లండ్‌లోని పోల్డూలో 25 కిలోవాట్ల ఆల్టర్నేటర్‌తో స్టేషన్ కట్టించాడు. 1901 సెప్టెంబరులో గాలివాన యాంటెన్నా స్తంభాలను కూల్చేసింది. అయినా ఆగలేదు. డిసెంబరు 12న అవతలి ఒడ్డున, న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, మూడు చుక్కల సిగ్నల్ విన్నానని ప్రకటించాడు. నిజంగా విన్నాడా అని అప్పట్లోనే చాలామంది అనుమానించారు. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

మరుసటి ఏడాది ఓడలో వెళ్తూ ఓ చిక్కు గమనించాడు. రాత్రి 3 వేల కిలోమీటర్లకు పైగా అందే సిగ్నల్, పగలు అందులో సగం దూరం కూడా రావట్లేదు! దీనికి అతను వెతుక్కున్న మందు.. ఇంకా పొడవైన తరంగాలు, ఇంకా పెద్ద యాంటెన్నా, ఇంకా ఎక్కువ పవర్. 1907లో ఐర్లండ్‌లోని క్లిఫ్‌డెన్ స్టేషన్ మొదలయ్యేసరికి అది 300 కిలోవాట్లకు చేరింది. బాయిలర్లకు పీట్ తవ్వి తెచ్చి కాల్చేవారు. 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ కూడా వచ్చింది. ఇంక దారి మార్చాల్సిన అవసరం ఎవరికుంటుంది?

అతను మార్చాడు. నాకు నోబెల్ కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది. 1923లో, 49 ఏళ్ల వయసులో, ఎలెట్రా అనే తన నౌకలో కేప్ వర్డ్ దీవుల వైపు వెళ్తూ పోల్డూ నుంచి 97 మీటర్ల షార్ట్‌వేవ్ పంపించాడు. రాత్రిళ్లు సిగ్నల్ స్పష్టంగా అందింది. పవర్‌ను 1 కిలోవాట్‌కు తగ్గించినా వినిపించింది! అయనోస్ఫియర్ దాన్ని వెనక్కి వంచి నేలకు దింపుతోందన్నమాట. తర్వాత 32 మీటర్ల తరంగాలతో పగలు కూడా పని అయింది. యాంటెన్నా వెనక రిఫ్లెక్టర్ పెట్టి శక్తినంతా ఒకే దిక్కుకు మళ్లించారు. ఇదే బీమ్ సిస్టమ్. 1927లో ఇంగ్లండ్‌ను పుణె దగ్గరి ఖడ్కీ స్టేషన్‌తో కలిపింది కూడా ఇదే.

లాంగ్‌వేవ్ స్టేషన్ల మీద సొంత కంపెనీ పోసిన డబ్బంతా ఒక్కసారిగా పాతబడిపోయింది. ఆ పాతబడేలా చేసింది స్వయంగా అతనే! 1937 జులై 20న రోమ్‌లో చనిపోయేనాటికి, మైక్రోవేవ్‌ల మీద ప్రయోగాలూ చేసి ఉన్నాడు.