సింధు నదిలో చెలమ తీసిన విశ్వేశ్వరయ్య

దక్షిణ పినాకిని నందికొండల్లో పుడుతుంది. బెంగళూరు అంచులు తాకుతూ దిగివచ్చి, హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్టలో నిలుస్తుంది. ఆ నందికొండల కిందే, చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టారు. మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు. పూర్వీకులు అక్కణ్ణించి మైసూరు సీమకు వలస వచ్చినా ఆ ఊరిపేరు ఇంటిపేరుగా మిగిలింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే మన మూకండపల్లి పిల్లలకు ఈ బతుకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన కథ ఇప్పుడెందుకంటే, మన బడుల్లో నీళ్ళను శుభ్రపరిచే పాఠం ఉంది. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి బోర్లించి, దూది, బొగ్గు, ఇసుక, గులకరాళ్ళు వరసగా పేర్చి పైనుంచి బురదనీళ్ళు పోస్తారు. కింద తేటనీళ్ళు కారగానే పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ సీసాలో జరిగే పనిని ఒక ఊరంతటి కోసం చేసి చూపించిన మనిషి విశ్వేశ్వరయ్య. అందుకే ఆయన జీవితాన్ని ఈసారి నీళ్ళ వైపు నుంచి చెబుతున్నాం. సర్కారు పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి ఒక కొవ్వొత్తి వెలిగించేవారనే కథ పిల్లలకు ముందే వచ్చు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాం.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, కొడుకు చిన్నప్పుడే పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మ. చిక్కబళ్ళాపురంలో బడిచదువు అయ్యాక బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరి, ఇతర పిల్లలకు పాఠాలు చెప్పిన డబ్బుతో నెగ్గుకొచ్చి 1881లో బీఏ అయ్యారు. మైసూరు సర్కారు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణె సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి 1883 పరీక్షలో మొదటివాడుగా నిలిచారు. మరుసటి ఏడే బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది.

1893లో ఆయన్ని సింధు ప్రాంతంలోని సక్కర్‌కు పంపారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. ఊరి పక్కనే సింధు నది కాబట్టి నీళ్ళకు కొదవ లేదు. కానీ అవి నోట్లో పోసుకోలేని మట్టినీళ్ళు. మామూలుగా అయితే ఒడ్డున పెద్ద తొట్లు కట్టి, ఇసుక పరిచి వడగట్టాలి. అంత ఖర్చు ఆ మునిసిపాలిటీ వల్ల కాదు. విశ్వేశ్వరయ్య నది అడుగును చూశారు. అక్కడున్నదీ ఇసుకే. ఒడ్డుకు దగ్గరగా నదిలోనే బావి తవ్వించారు. నీళ్ళు ఇసుక పొరల గుండా ఊరుతూ, మట్టిని అక్కడే వదిలి, తేటగా బావిలోకి చేరాయి. వాటిని పంపులతో కొండమీదికి ఎక్కించి అక్కణ్ణించి ఊరికి వదిలారు. 1895కల్లా పని ముగిసింది.

ఎండాకాలంలో ఏటి ఇసుకను చేత్తో తోడి, చెలమలో ఊరిన నీళ్ళను చిప్పతో కడవకెత్తుకున్న మన అవ్వలు ఈ సంగతి వింటే పెద్దగా ఆశ్చర్యపోరు. చెలమకు ఆయన కొలతలు, లెక్కలు, పంపులు తెచ్చారు. ఆయన చేసిన పనుల్లో పెద్దవి చాలా ఉన్నా, పిల్లలకు ముందు చెప్పవలసింది ఇదేనని మేం అనుకుంటాం.

సక్కర్‌కు వెళ్ళడానికి ఏడాది ముందు, 1892లో, ఇసుక ఎంత పని చేస్తుందో ప్రపంచం చూసింది. జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డున ఉన్న హాంబర్గ్‌లో కలరా సోకి 8 వేలమందికి పైగా చనిపోయారు. దాని దిగువన ఉన్న ఆల్టోనా ఊరు, హాంబర్గ్ మురికి కలిసిన అదే నదినీళ్ళను ఇసుకలో వడగట్టి తాగింది. అక్కడ కలరా చాలా తక్కువ. నెమ్మదిగా వడిసే ఇసుక తొట్టిలో కొన్ని వారాలకు పైన ఒక జిగురు పొర కడుతుంది. అందులో పెరిగే సూక్ష్మజీవులు నీళ్ళతో వచ్చే రోగక్రిములను చాలావరకు మింగేస్తాయి. గంట ముందు సీసాలో పేర్చిన ఇసుకకు ఆ పొర ఎక్కడిది? అందుకే సీసాలోంచి కారిన నీళ్ళు అద్దంలా మెరిసినా సరే, పిల్లల్ని తాగనివ్వకూడదని అయ్యవార్లను మరీమరీ కోరుతున్నాం.

మిగిలిన పని రసాయన పాఠానిది. పటికను మన అంగళ్ళలో పడికారం అని అడిగితే ఇస్తారు. నీళ్ళలో తేలే సన్నటి మట్టి రేణువులన్నిటికీ ఋణ విద్యుదావేశం ఉంటుంది, అందుకే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ అడుక్కి దిగవు. పటికలోని అల్యూమినియం ఆ తోపులాటను ఆపుతుంది, జిగటలాంటి అల్యూమినియం హైడ్రాక్సైడుగా మారి రేణువులను చుట్టుకుని అడుగున కూర్చోబెడుతుంది. పూర్వం చిల్లగింజను కుండలో అరగదీసిందీ ఇందుకే. తర్వాత క్లోరిన్. తేరిన నీళ్ళలో బ్లీచింగు పొడిని మోతాదుగా కలిపి కనీసం అరగంట ఆగితే క్రిములు చస్తాయి. నీళ్ళు తేరకముందే కలిపితే మట్టి, చెత్త ఆ క్లోరిన్‌ను తినేస్తాయి. ఈ వరస ఎందుకో పిల్లలు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.

విశ్వేశ్వరయ్య దారి ఆ తర్వాత కూడా నీళ్ళ వెంటే సాగింది. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి, వరద పెరిగితే వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టారు. 1906లో ఏడెన్ రేవుకు వెళ్ళి అక్కడి తాగునీరు, మురుగు సంగతి పరిశీలించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం పిలుపు మీద 1909లో ఆయన వచ్చి, నదిని పైతట్టు నుంచి పరిశీలించారు. ఎగువన చెరువులు తెగడం వల్లే ముంపు అంత పెరిగిందని చూసి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరద ఆపడానికి తలపెట్టినవే ఊరికి తాగునీళ్ళూ ఇచ్చాయి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడనే మాట అలా పుట్టింది. నగరానికి మురుగు కాలువల పథకమూ ఆయనే తయారు చేశారు. తాగునీటి గురించి చెప్పేవాళ్ళు మురుగును మరిచిపోతుంటారు, ఆయన మరవలేదు.

మైసూరులో చీఫ్ ఇంజనీరుగా కన్నంబాడి ఆనకట్ట మొదలుపెట్టించడం, 1912 నుంచి 1918 దాకా దివానుగా పనిచేయడం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం రావడం అందరికీ తెలిసినవే. బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో ప్రత్యేకంగా వాటా ఇవ్వాలన్న మహారాజు ఆలోచనతో ఆయనకు పడలేదు, దివాను పదవి వదులుకున్నారు. ఆ విషయంలో మేం మహారాజు పక్షమే. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో నూరేళ్ళు దాటి కన్నుమూశారు.

ఇక మన నీళ్ళ సంగతి. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో చాలాచోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. హోగెనకల్ కావేరి నీటి పథకం ఈ రెండు జిల్లాల కోసం వచ్చింది అందుకే. ఫ్లోరైడు నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. కాచితే ఫ్లోరైడు పోదు సరిగదా, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. సీసాలోని ఇసుక దాన్ని ఆపలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు కనబడితే అమ్మానాన్నలు ముందు అనుమానించవలసింది బోరునే. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించింది. దానికి మన తెలుగు జిల్లా నల్గొండ పేరే పెట్టారు. అయితే నీటిని పరీక్షించకుండా పటిక మోతాదు తేల్చలేం.

కెలవరపల్లి దగ్గర మరో చిక్కు. ఆనకట్ట తలుపులు ఎత్తినప్పుడు తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా లేస్తోంది. మురుగుతో, కార్ఖానాల నీళ్ళతో వచ్చే సబ్బు మందులు నీళ్ళలో కరిగిపోయి ఉంటాయి. పటిక కరిగినవాటిని సరిగా పట్టలేదు, కాచినా అవి పోవు.

ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి, ఇల్లు ఉన్నాయి. హోసూరు నుంచి ఉదయం బస్సు కట్టించుకుంటే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళే బడులు, బయలుదేరే ముందు వారం కెలవరపల్లి నీళ్ళు ఒక సీసాలో, బడి బోరునీళ్ళు ఒక సీసాలో పట్టి, రెంటిలోనూ పటిక వేసి ఏది తేరింది, ఏది మిగిలింది నోటుపుస్తకంలో రాయించాలని కోరుతున్నాం. నందికొండ ఎదురుగా నిలబడినప్పుడు ఆ పుస్తకం పిల్లల చేతిలో ఉండాలి.