దొర వెంట వెళ్లి... ప్రపంచ విజేతను ఓడించి

సెలవు రోజున బట్టలుతుక్కుని, వంట ముగించి, రూములో చెస్ బోర్డు ముందేసుకునే సోదరులు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం ఈసారి మీర్ సుల్తాన్ ఖాన్ గురించి చెప్పుకుందాం. ఆయన కూడా మనలాగే, ఇంకొకరు తీసుకెళ్తే పరాయి దేశం చేరినవాడు.

పుట్టింది పంజాబ్‌లోని మిఠా తివానా. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. నేర్చుకున్నది మన దేశవాళీ చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదులుతుంది. అతని ఆట చూసి జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ చేరదీశాడు, ఇంగ్లీషు పద్ధతి ఆట నేర్పించే ఏర్పాటు చేశాడు. 1928లో అఖిల భారత టైటిల్ వచ్చింది. 1929లో దొరగారి వెంట లండన్ వెళ్లాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. చలి పడేది కాదు, మలేరియా, గొంతు నొప్పి వదిలేవి కావు. అయినా ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు.

అసలు గేమ్ 1930-31 హేస్టింగ్స్ టోర్నీలో జరిగింది. ఎదురుగా ఉన్నది 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకా! నల్లపావులతో ఆయన క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్ ఎత్తుకున్నాడు. మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటును పెట్టడం దీని పద్ధతి. సుల్తాన్ ఐదో ఎత్తులో ఎడమ చివరి బంటును ఒక్క గడి ముందుకు జరిపాడు. చూడ్డానికి చిన్న ఎత్తే. కానీ నల్ల శకటు వచ్చి తన గుర్రాన్ని కట్టిపడేసే దారి దాంతో మూసుకుపోయింది. తర్వాత సుల్తాన్ తన మంత్రిని వదులుకుని, దానికి బదులు కాపాబ్లాంకా రెండు ఏనుగులను తీసుకున్నాడు. 65 ఎత్తుల్లో సుల్తాన్ గెలిచాడు. ఆ చిన్న బంటు ఎత్తుతో ఆడే వరసకు మాత్రం, తర్వాతి కాలపు ప్రపంచ చాంపియన్ పెట్రోసియన్ పేరు స్థిరపడింది.

1932, 1933లలోనూ బ్రిటిష్ టైటిల్ సుల్తాన్‌దే. అప్పటికి వయసు ముప్పైకి అటూ ఇటూ. 1933 చివర్లో దొరగారు స్వదేశానికి ప్రయాణం కట్టారు. సుల్తాన్ కూడా సామాను సర్దుకున్నాడు. ఉండిపోవాలా, ఆడాలా అన్నది ఆయన చేతిలో లేదు. ఆ బాధ మనకు ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. ఊళ్లో వ్యవసాయం చూసుకుంటూ బతికి, 1966లో సర్గోధాలో క్షయతో కన్నుమూశాడు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో వచ్చింది, అంటే పోయిన 58 ఏళ్లకు.

ఈసారి తెల్లపావులు మీకొచ్చి, ఎదుటివాడు క్వీన్స్ ఇండియన్ ఆడితే, ఎడమ చివరి బంటును ఒక్క గడి జరిపి చూడండి. అది ఎవరి ఎత్తో పక్కవాళ్లకూ చెప్పండి.