నల్లని హెల్మెట్‌పై బాతు బొమ్మ
మృత్యువును పలుమార్లు ఎదిరించిన బైక్ రేసర్ బారీ షీన్ జీవితం

నల్లటి హెల్మెట్. దానికి బంగారు వన్నె అంచు. నుదుటి భాగాన డొనాల్డ్ డక్ అనే బాతు బొమ్మ. 1970వ దశకంలో ఐరోపా రేసు మైదానాల్లో ఈ హెల్మెట్ దూరం నుంచి కనిపిస్తే చాలు, వస్తున్నది ఎవరో ప్రేక్షకులకు తెలిసిపోయేది. ఆయనే బారీ షీన్. 1976, 1977 సంవత్సరాల్లో 500 సీసీ మోటార్ సైకిల్ పందేల్లో వరుసగా ప్రపంచ విజేతగా నిలిచిన బ్రిటన్ రేసర్. 2003 మార్చి 10న 52 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన హెల్మెట్‌కు రంగు, బొమ్మలతో పాటు మరో విశేషం ఉంది. గడ్డాన్ని కప్పే భాగంలో చిన్న రంధ్రం ఉండేది. ఆయన జీవితంలోని విజయాన్ని, విషాదాన్ని కలిపి చెప్పేది ఆ రంధ్రమే.

వైద్యుల కళాశాల నీడలో బాల్యం

షీన్ 1950 సెప్టెంబర్ 11న లండన్‌లో జన్మించారు. తండ్రి ఫ్రాంక్ అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో యంత్రాల నిర్వహణ చూసే ఇంజినీరు. స్వయంగా పందేల్లో పాల్గొన్న ఆయన ఇంజిన్లను వేగానికి తగినట్లు తీర్చిదిద్దడంలో చేయి తిరిగిన వారు. స్పెయిన్‌కు చెందిన బుల్టాకో మోటార్ సైకిళ్ల సంస్థతో ఆయనకు సన్నిహిత పరిచయం ఉండేది. విరిగిన ఎముకలను అతికించే వైద్యుల కళాశాలలో తండ్రి కొలువు చేయగా, కుమారుడి ఎక్స్‌రే చిత్రాలు అనంతర కాలంలో పత్రికలకెక్కడం యాదృచ్ఛికమే.

ఇంట్లోనే ఇంజిన్ విద్య నేర్చిన షీన్ 1968లో బ్రాండ్స్ హ్యాచ్ మైదానంలో బుల్టాకో బండ్లపై రేసింగ్ ప్రారంభించారు. 1970లో 125 సీసీ విభాగంలో బ్రిటన్ విజేత అయ్యారు. మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో అదే విభాగంలో స్పెయిన్ రేసర్ ఆంజెల్ నియెటో తర్వాత రెండో స్థానంలో నిలిచారు. ఆ ఏడాదే 50 సీసీ విభాగంలోనూ ఒక పందెం గెలిచారు. అతి చిన్న 50 సీసీ, అతి పెద్ద 500 సీసీ విభాగాలు రెండింటిలోనూ గ్రాండ్ ప్రి పందేలు గెలిచిన ఏకైక రేసర్‌గా ఆయన చరిత్రకెక్కారు.

ముఖం కనిపించని వేళ

హెల్మెట్‌పై బొమ్మలకు అంతటి ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆనాటి మార్పును గమనించాలి. అంతకుముందు రేసర్లు తల పైభాగాన్ని మాత్రమే కప్పే గిన్నె ఆకారపు హెల్మెట్లు ధరించేవారు. కళ్లద్దాల వెనుక ముఖం చాలావరకు కనిపించేది. 1960వ దశకం చివరలో గడ్డం సహా ముఖమంతా కప్పే హెల్మెట్లు వచ్చాయి. భద్రత పెరిగింది గానీ మనిషి మరుగున పడ్డాడు. ఒకే కంపెనీ బండ్లపై దూసుకుపోయే వారిలో ఎవరు ఎవరో పోల్చుకోవాలంటే బండి నంబరు, హెల్మెట్ రంగులే ఆధారమయ్యాయి.

మిగతావారు చారలు, పట్టీలతో సరిపెట్టుకోగా, షీన్ వాల్ట్ డిస్నీ చిత్రాల్లోని బాతును నుదుటికి ఎక్కించుకున్నారు. 1934లో తెరపైకి వచ్చిన డొనాల్డ్ డక్ పెంకితనానికి, ముక్కోపానికి, ఎన్నిసార్లు బోర్లా పడ్డా లేచి నిలబడే తత్వానికి పెట్టింది పేరు. పందేనికి ముందు ప్రత్యర్థులను ఆటపట్టిస్తూ, అభిమానులతో సరదాగా మాట్లాడే షీన్‌కు ఆ బొమ్మ అతికినట్లు సరిపోయింది. రేసు అంటే తెలియని గృహిణులు, పిల్లలు కూడా ఆయనను గుర్తుపట్టసాగారు. ముష్టియుద్ధ యోధుడు హెన్రీ కూపర్‌తో కలిసి టీవీలో సుగంధ ద్రవ్యాల ప్రకటనల్లోనూ ఆయన దర్శనమిచ్చారు.

బండి నంబరు విషయంలోనూ ఆయనది ప్రత్యేక బాణీయే. ప్రపంచ విజేత మరుసటి ఏడాది 1వ నంబరుతో బరిలోకి దిగడం ఆనవాయితీ. షీన్ ఆ గౌరవాన్ని పక్కనపెట్టి తనకు అచ్చివచ్చిన 7వ నంబరునే కొనసాగించారు. అనంతర కాలంలో ఇటలీ రేసర్ వాలెంటినో రోసీ 46వ నంబరును, సూర్యచంద్రుల బొమ్మలున్న హెల్మెట్లను తన గుర్తులుగా మలచుకున్న తీరులో షీన్ వేసిన బాట కనిపిస్తుంది.

ఏడు వారాల్లోనే మళ్లీ బరిలోకి

1975 ఆరంభంలో అమెరికాలోని డేటోనా మైదానంలో సాధన చేస్తుండగా షీన్ ప్రాణాల మీదికి వచ్చింది. గంటకు సుమారు 280 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా సుజుకి బండి వెనుక టైరు దెబ్బతింది. ఎడమ తొడ ఎముక, కుడి చేయి, మెడ ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. ఆయనపై చిత్రం తీసేందుకు వచ్చిన బ్రిటన్ టీవీ బృందం అక్కడే ఉండటంతో ఈ వార్త ఇంటింటికీ చేరింది. ఇక రేసింగ్ జీవితం ముగిసినట్లేనని అందరూ భావించారు. షీన్ ఏడు వారాల్లోనే తిరిగి పందెంలో పాల్గొని ఔరా అనిపించారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో దిగ్గజం జియాకొమో అగోస్టినీని ఓడించి తొలి 500 సీసీ గ్రాండ్ ప్రి గెలుచుకున్నారు.

1976లో ఐదు, 1977లో ఆరు విజయాలతో ప్రపంచ కిరీటాలు ఆయన వశమయ్యాయి. 1977లో బెల్జియంలోని స్పా మైదానంలో గంటకు సగటున 217 కిలోమీటర్ల వేగంతో పందెం గెలిచారు. 1978లో ఎంబీఈ పురస్కారం అందుకున్నారు. 1982లో సిల్వర్‌స్టోన్ సాధనలో మరో ఘోర ప్రమాదం జరిగింది. రెండు కాళ్లూ నుజ్జునుజ్జయ్యాయి. లోహపు పలకలు, మరలతో వైద్యులు ఎముకలను నిలబెట్టారు. ఆ కాళ్లతోనే మళ్లీ బండెక్కి 1984 వరకు పోటీపడ్డారు. 1981లో స్వీడన్‌లో ఆయన సాధించిన గెలుపు తర్వాత అగ్రశ్రేణి విభాగంలో మరో బ్రిటన్ రేసర్ గెలవడానికి 2016 వరకు, అంటే 35 ఏళ్లు పట్టింది.

భద్రత కోరిన వాడే రంధ్రం చేసుకున్నాడు

తెగువకు మారుపేరైన షీన్ భద్రత విషయంలో నిర్మొహమాటంగా ఉండేవారు. ఇళ్లు, రాతి గోడల నడుమ సాగే ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో 1971లో పాల్గొని కిందపడిన ఆయన, తిరిగి ఆ దారి తొక్కలేదు. రేసర్ల ప్రాణాలు తీసే అలాంటి దారిలో ప్రపంచ పోటీలు వద్దని గళమెత్తిన వారిలో ముందున్నారు. 1976 తర్వాత ఆ పందెం ప్రపంచ పోటీల జాబితా నుంచి తొలగిపోయింది.

ఇంతటి ముందుచూపు ఉన్న మనిషిని ఒక్క అలవాటు మాత్రం వదల్లేదు. అదే సిగరెట్. పందెం మొదలయ్యే గీత వద్ద నిలిచి, జెండా ఊపే ముందు చివరి దమ్ము లాగేందుకు వీలుగా హెల్మెట్ గడ్డం భాగంలో ఆయన రంధ్రం చేయించుకున్నారు. అప్పట్లో అభిమానులు దానిని కూడా కొంటెతనంగానే చూసి మురిసిపోయారు.

రేసింగ్ నుంచి తప్పుకున్నాక 1980వ దశకం చివరలో ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లారు. పాత గాయాల నొప్పులకు అక్కడి వెచ్చని వాతావరణం ఉపశమనమిస్తుందని ఆశించారు. టీవీ వ్యాఖ్యాతగా అక్కడి వారికీ దగ్గరయ్యారు. 2002 జులైలో అన్నవాహిక, జీర్ణకోశ క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్సను, కీమోథెరపీని కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్ని ఆశ్రయించారు. వ్యాధి బయటపడిన కొద్ది వారాలకే, సెప్టెంబర్‌లో, ఇంగ్లాండ్‌లోని గుడ్‌వుడ్‌లో పాత కాలపు నార్టన్ బండిపై పందెం గెలిచారు. తర్వాత ఆరు నెలలకే తుదిశ్వాస విడిచారు.

ఒక్క వ్యక్తి విషయంలో జబ్బు దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టమే. అయితే పొగతాగడం ఈ రెండు క్యాన్సర్లకూ ప్రధాన కారణాల్లో ఒకటని వైద్యశాస్త్రం ఏనాడో నిర్ధారించింది. 280 కిలోమీటర్ల వేగంలో నేలను తాకినా దక్కిన ప్రాణం అది.

అలంకారం సరే, బలం ముఖ్యం

బ్రాండ్స్ హ్యాచ్‌లో ఒక మలుపునకు షీన్ పేరు పెట్టారు. బాతు బొమ్మ నమూనా హెల్మెట్లను అభిమానులు ఇప్పటికీ అపురూపంగా దాచుకుంటారు. మన పట్టణాల్లోనూ హెల్మెట్లపై బొమ్మలు, స్టిక్కర్లు వేయించుకునే యువత తక్కువేమీ కాదు. హెల్మెట్ పైగుల్ల దెబ్బను నలుదిక్కులకూ పంచితే, లోపలి థర్మోకోల్ పొర నలిగి ఆ తాకిడి తలకు చేరకుండా అడ్డుకుంటుంది. పైగుల్లకు రంధ్రం చేస్తే ఈ బలం తగ్గుతుంది. పాలీకార్బొనేట్ గుల్లపై కొన్ని రకాల పెయింట్లు, థిన్నర్లు పడినా అంతే. తయారీదారు సూచించిన రంగులనే వాడటం క్షేమకరం.

ద్విచక్ర వాహనదారులు హెల్మెట్ ధరించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కొనేటప్పుడు బొమ్మకన్నా ముందు ఐఎస్ఐ గుర్తు చూడాలి. ధరించాక గడ్డం కింద పట్టీ బిగించాలి. షీన్ హెల్మెట్ అందాన్ని మెచ్చుకునే యువకులు ఆయన తెగువతో పాటు ఆ చిన్న రంధ్రాన్నీ గుర్తుంచుకోవలసి ఉంది.