క్యాన్సర్ అని తెలిసినా ఐదేళ్లు మైక్ వదల్లేదు.. బీబీసీ తొలి వార్ రిపోర్టర్ రిచర్డ్ డింబుల్బీ కథ ఇదీ!

ఇప్పుడు ఎక్కడ ఏం జరిగినా నిమిషాల్లో లైవ్ వచ్చేస్తోంది. ఫోన్ తీస్తే చాలు. కానీ 90 ఏళ్ల కిందట రేడియో వార్త అంటే ఏజెన్సీల నుంచి వచ్చిన కాగితాన్ని స్టూడియోలో కూర్చుని చదవడమే. ఘటన జరిగిన చోటికే మైక్ వెళ్లాలని అప్పట్లో బీబీసీ పెద్దలకు చెప్పిన కుర్రాడే రిచర్డ్ డింబుల్బీ.

1913 మే 25న లండన్ పక్కనే ఉన్న రిచ్‌మండ్‌లో పుట్టారాయన. ఇంట్లోనే పేపర్ నడిచేది. అక్కడే పని నేర్చుకుని, 1936లో బీబీసీలో చేరారు. చేరిన కొద్ది వారాలకే అదృష్టం కలిసొచ్చింది. నవంబర్ 30 రాత్రి లండన్‌లోని భారీ అద్దాల భవనం క్రిస్టల్ ప్యాలెస్ తగలబడింది. డింబుల్బీ ఘటనా స్థలం నుంచే ఫోన్‌లో లైవ్ రిపోర్ట్ ఇచ్చారు. మంటల హోరు, జనం కేకలు నేరుగా ఇళ్లలోని రేడియోల్లో వినిపించాయి. బ్రిటన్ శ్రోతలకు అది కొత్త అనుభవం.

తర్వాత యుద్ధం వచ్చింది. బీబీసీ తొలి వార్ కరస్పాండెంట్ ఆయనే. ఫ్రాన్స్, ఉత్తర ఆఫ్రికా ఎడారులు.. సైన్యం ఎక్కడుంటే అక్కడే. 1943 జనవరిలో బాంబులు వేసే లాంకాస్టర్ విమానమెక్కి బెర్లిన్ దాకా వెళ్లొచ్చారు. కింద నుంచి ఫిరంగులు పేలుతుంటే తిరిగొస్తామన్న గ్యారంటీ ఎవరికీ ఉండదు. అలాంటి దాడుల్లో ఆయన దాదాపు 20 సార్లు పాల్గొన్నారు.

కానీ ఆయన్ను నిజంగా కుదిపేసింది విమానం కాదు. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం చేతికొచ్చిన బెర్గెన్-బెల్సెన్ క్యాంపు. నాజీలు యూదులతో పాటు వేల మందిని బంధించిన చోటు అది. లోపలికి వెళ్లిన తొలి రిపోర్టర్లలో డింబుల్బీ ఒకరు. ఎక్కడ చూసినా పూడ్చడానికి కూడా దిక్కులేని శవాలు. వాటి మధ్యే ప్రాణాలతో ఉన్నవాళ్లు, లేచి నిలబడే ఓపిక కూడా లేకుండా. అంత అనుభవం ఉన్న మనిషి కూడా రికార్డింగ్ మధ్యలో తట్టుకోలేకపోయారు.

ఆ రిపోర్ట్ లండన్ చేరాక అసలు సమస్య మొదలైంది. బీబీసీ నమ్మలేదు! వేరే చోట నుంచి కూడా నిర్ధారణ వస్తే తప్ప ప్రసారం చేయలేమంది. డింబుల్బీ వెనక్కి తగ్గలేదు. వేయకపోతే ఉద్యోగం మానేస్తానని తేల్చి చెప్పారు. చివరికి కొన్ని భాగాలు కత్తిరించి ప్రసారం చేశారు. పట్టాభిషేకాలు, పార్లమెంటు హడావుడి సంగతి అలా ఉంచితే, ఆయన జీవితంలో అతి పెద్ద వార్త ఇదే అనాలి.

యుద్ధం అయ్యాక 1946లో బీబీసీ ఉద్యోగం వదిలేసి ఫ్రీలాన్సర్‌గా మారారు. రేడియోలో ఊరూరా తిరిగే ప్రోగ్రామ్‌లు, క్విజ్‌లు.. ఆ తర్వాత టీవీ. 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు వెస్ట్‌మినిస్టర్ అబే లోపలి నుంచి టీవీ కామెంటరీ ఆయనదే. బ్రిటన్‌లో దాదాపు 2 కోట్ల మంది చూశారు. మన ఊళ్లలో దూరదర్శన్ రామాయణం కోసం టీవీ ఉన్న ఇంట్లో చేరేవాళ్లం కదా.. ఆ రోజు అక్కడా అంతే! రాజకుటుంబం అంటే మరీ భక్తి ఎక్కువని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

1955 నుంచి పనోరమా ప్రోగ్రామ్‌కు యాంకర్ అయ్యారు. ఎప్పుడూ గంభీరంగా ఉండే ఈయన 1957 ఏప్రిల్ 1న దేశం మొత్తాన్ని ఫూల్ చేశారంటే నమ్ముతారా? స్విట్జర్లాండ్‌లో చెట్లకు స్పఘెట్టి కాస్తోందని, రైతులు కోస్తున్నారని సీరియస్‌గా చెప్పారు. ఆ మొక్క ఎలా పెంచాలో చెప్పమని జనం బీబీసీకి ఫోన్లు చేశారు. చెప్పింది డింబుల్బీ కాబట్టే నమ్మారు మరి.

1960లో క్యాన్సర్ బయటపడింది. అప్పట్లో ఆ పేరు పైకి పలకడానికే జనం భయపడేవారు. ఆయన ట్రీట్‌మెంట్ తీసుకుంటూనే పని చేశారు. క్యూబా క్షిపణుల సంక్షోభం, కెన్నెడీ అంత్యక్రియలు.. అన్నింటికీ ఆ గొంతే. 1965 జనవరిలో చర్చిల్ అంతిమయాత్రకు గంటల తరబడి కామెంటరీ చెప్పినప్పుడు ఆయన జబ్బు సంగతి చూస్తున్నవాళ్లకు తెలియదు.

అదే ఏడాది చివర్లో దాపరికం వద్దనుకున్నారు. క్యాన్సర్ అన్న సంగతిని కుటుంబం బయటపెట్టింది. పేరున్నవాళ్లు ఎవరూ అలా చెప్పుకోని కాలమది. డిసెంబర్ 22న లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో కన్నుమూశారు. వయసు 52 ఏళ్లే. ఆయన పేరుతో మరుసటి ఏడాదే క్యాన్సర్ నిధి మొదలైంది.

కొడుకులు డేవిడ్, జోనాథన్ ఇద్దరూ తండ్రి దారిలోనే బ్రాడ్‌కాస్టర్లయ్యారు. తండ్రి జీవితకథను జోనాథన్ పుస్తకంగా రాశారు. డేవిడ్ అయితే 1970ల్లో తండ్రి కూర్చున్న పనోరమా సీట్లోనే కూర్చున్నారు.